నలుపు నలుపుగా వచ్చుటెట్లు?

పెరటిలో పరచిన కడపరాయిపై ఒక చెంబెడు నీళ్లు పోసి చూడుడు. నీరు పారినంతమేర రాయి కాటుకవలె నల్లబడి నిగనిగలాడును. ఎండ సోకి తడియారిన వెనుక అదే రాయి బూడిద రంగునకు దిగును. రాయి మారలేదు, రాతిలోని నలుపు తరిగినదియు లేదు. పైన నీటిపొర యుండుటయు, లేకుండుటయు మాత్రమే భేదము. ఈ మాసము మేము చెప్పదలచిన విషయమునకు మూలము ఈ రాతిలోనే యున్నది.

పాత నలుపు తెలుపు ఛాయాపటములను కంప్యూటరులోని కెక్కించి, ఇంటనున్న ఇంక్‌జెట్ ప్రింటరుపై క్రొత్త ప్రతులు తీసికొనుట ఇప్పుడు పెక్కిండ్లలో జరుగుచున్నది. తీసినవారి మొఱ తరచుగా నొక్కటే: తెరపై నల్లగా కనబడినది కాగితముపై బూడిదగా వచ్చుచున్నది. సిరా చాలలేదని తలచి, సిరా హెచ్చించి, మరల తీయుదురు. అప్పుడు నలుపు రాకపోగా పటమంతయు మసిబారును. నలుపు సిరాబుడ్డిలో నున్నదనుకొనుటయే ఇందలి పొరపాటు. సిరాయు కాగితమును కలిసినచోట నలుపు పుట్టును. ఏ కాగితమునకు ఏ సిరా, ఎంత సిరా యని యంత్రమునకు మనము చెప్పు మాటనుబట్టి అది నిలుచును. ఈ సంగతి మేము తేలికగా నేర్చుకొనలేదు.

మా యింట అమ్మమ్మగారి పటమొకటి కలదు. 1940వ దశాబ్దిలో పట్టణమునకు పోయి స్టూడియోలో తీయించుకొన్నది. అరచేయి యంతటిది. ఆమె ముప్పది రెండవ యేటనే గతించినది. ఆమె రూపమునకు మాకున్న ఆధారము ఆ యొక్క పటమే. ఆమె బిడ్డలు నలుగురు. ఆబ్దికమునాడు నాలుగిండ్లలోను పెట్టుకొనుటకు నాలుగు పెద్ద ప్రతులు తీయింపవలెనని సంకల్పించితిమి.

మొదటి ప్రతిని ఒక దుకాణమున తీయించితిమి. అందు జుట్టు, చీర, ఆమె చేయి యానించిన కుర్చీ, మూడును కలిసి ఒకే నల్లని గుంటయైనవి. ఆ గుంటపై ముఖమును చేతులును మాత్రము తేలినవి. రెండవ ప్రతిని ఇంటనే, మా ప్రింటరుపై, మెరుపు కాగితముపై తీసితిమి. అది మరియొక కొసకు పోయినది. జుట్టు గోధుమవన్నె కలిసిన బూడిద రంగు. చీర వెలిసిపోయిన పాతగుడ్డ. మా పెద్దమ్మ దానిని చేతికి తీసికొని, "ఇదేమిటే, అమ్మ జుట్టు నెరిసిపోయిందేం? నెరిసేదాకా ఆవిడ బతకనే లేదు కదే!" అని ప్రక్కన బెట్టినది. అంతవరకు నలుపు తగ్గుట అందచందములకు సంబంధించిన మాటయని తలచుచుంటిమి. అది ఆమె వయస్సునే మార్చివేసినదని అప్పుడు తెలిసినది. నాటినుండి ఈ పనిని శ్రద్ధగా నేర్చుకొన మొదలిడితిమి. తెలిసికొన్నదానిని మీకును చెప్పుచున్నాము.

తిరిగివచ్చు వెలుగు

నలుపనగా వెలుగు తిరిగిరాకుండుట. మంచి తెల్లకాగితముపై పడిన వెలుగులో నూటికి సుమారు 90 పాళ్లు మరల మన కంటివైపు వచ్చును. అచ్చువేసిన నలుపునుండి ఎంత తక్కువ వచ్చిన అంత గాఢమైన నలుపన్నమాట. శాస్త్రజ్ఞులు దీనిని సాంద్రతయను సంఖ్యతో కొలుతురు. వెలుగులో పదవ వంతు తిరిగివచ్చినచో సాంద్రత 1. నూరవ వంతు వచ్చినచో 2. మెరుపుగల మంచి ఫొటో కాగితముపై తగిన సిరాతో తీసిన నలుపు 2.2 మొదలు 2.5 వరకు పోగలదు. అనగా పడిన వెలుగులో 150 వంతులకు ఒకటి మొదలు 300 వంతులకు ఒకటి మాత్రమే తిరిగివచ్చును. మెరుపులేని మాట్ కాగితముపై నలుపు సామాన్యముగా 1.5 మొదలు 1.7 వరకే పోవును. అప్పుడు 30 వంతులకు ఒకటి మొదలు 50 వంతులకు ఒకటి వరకు తిరిగివచ్చును. ఆఫీసు పనికి వాడు సాదా కాగితముపై నలుపు ఇంతకంటెను పలుచనగా నుండును.

ఇందులకు కారణము కడపరాయియే చెప్పినది. నున్నని మెరుపు కాగితముపై పడిన వెలుగు అద్దముపై పడినట్లు ఒకేవైపునకు మరలును. పటమును కొంచెము ప్రక్కకు త్రిప్పినచో ఆ వెలుగు మన కంటికి తగులదు. సిరాలోని నలుపు మాత్రమే కనబడును. మాట్ కాగితపు ఉపరితలము గరుకు. దానిపై పడిన వెలుగు అన్నివైపులకు చెదరును. ఎటునుండి చూచినను అందులో కొంత మన కంటికి చేరి, నలుపుపై పలుచని తెల్లని తెరవలె నిలుచును. సిరా యెంత పోసినను ఆ తెర తొలగదు. తడిసిన రాయికిని ఎండిన రాయికిని గల భేదమే ఇది.

ఇందుచే మాట్ కాగితము పనికిరాదని తలపరాదు. కిటికీకి ఎదురుగోడపై వ్రేలాడదీయు పటము మెరుపు కాగితముపై నున్నచో అందు మన కిటికీయే కనబడును గాని మనుష్యులు కనబడరు. అట్టిచోట మాట్ కాగితమే మేలు. మన కన్ను ఒక చట్రములో నున్న మిక్కిలి గాఢమైన రంగునే నలుపుగా గ్రహించును. కావున మాట్ ప్రతి తనంతట తాను నల్లగానే తోచును. దాని ప్రక్కనే మెరుపు ప్రతిని పెట్టినపుడు, లేదా పటముచుట్టు కారునలుపు అట్టతో చట్రము కట్టినపుడు మాత్రమే దాని లోపము బయటపడును. మాట్ ప్రతికి చుట్టును మీగడవన్నె అట్ట కట్టించుడు.

సిరా

ఆముదపు దీపముపై పళ్లెము బోర్లించి మనము పట్టు కాటుకయు, పిగ్మెంటు సిరాలోని నల్లని పొడియు ఒకే జాతివి. రెండును కర్బనమే. గంటముతో వ్రాసిన తాటాకులపై మన పూర్వులు మసి రాచెడివారు. ఆ యక్షరములు వందలయేండ్లు నిలిచినవి. కర్బనము వెలుగునకు తేలికగా వెలిసిపోదు. పిగ్మెంటు సిరాలో రంగు, నీటిలో కలిపిన పసుపువలె, సన్నని రేణువులుగా తేలుచుండును. డై సిరాలో రంగు, నీటిలోని పంచదారవలె, పూర్తిగా కరగియుండును. డై సిరా కాగితపు పూతలోనికి ఇంకి మెరుపు చెడకుండ వచ్చును. కాని వెలుగునకును గాలికిని అది త్వరగా వెలియుట కలదు.

ఇక మా రెండవ ప్రతి గోధుమవన్నె కేల దిగినదో చెప్పెదము. సిరా తొట్లుగల నాలుగు రంగుల ప్రింటరులలో పెక్కింటియందు నల్లసిరా మాత్రము పిగ్మెంటు, తక్కిన మూడును డై. ఆ నల్లసిరా అక్షరములు అచ్చువేయుటకై యుద్దేశింపబడినది. మెరుపు కాగితముపై నది సరిగా అంటదు, వ్రేలితో రాచిన ఊడివచ్చును. కావున ఫొటో కాగితమని చెప్పగనే అట్టి యంత్రము నల్లసిరాను పూర్తిగా మాని, నీలి, ఎరుపు, పసుపు సిరాలను మూడింటిని కలిపి నలుపును చేయును. మూడు రంగులు కలిసిన నలుపు ఎంత యత్నించినను కొంచెము గోధుమకో పచ్చకో తిరుగును. కొన్నియేండ్లకు ఆ మూడింటిలో ఏదో యొకటి ముందుగా వెలిసిపోవును. అప్పుడు పటము రంగు మరింత మారును. మా ప్రింటరులో నల్లసిరా తొట్టి నిండుగనే యుండెను. అందులో నొక చుక్కయైనను అమ్మమ్మగారి జుట్టునకు చేరలేదు.

మీ యంత్రమెట్టిదో తెలిసికొనుటకు సులభోపాయము కలదు. మాట్ ఫొటో కాగితమును రెండు ముక్కలు చేసి, ఒకే నల్లని చతురమును ఒకమారు మాట్ ఫొటో కాగితమను సెట్టింగుతోను, మరియొకమారు సాదా కాగితమను సెట్టింగుతోను అచ్చువేయుడు. రెండింటిని పగటి వెలుగున ప్రక్కప్రక్కన బెట్టి చూడుడు. కొన్ని యంత్రములు మాట్ అని చెప్పినప్పుడే నల్లసిరాను వాడును. కొన్ని సాదా కాగితమని చెప్పిననే గాని వాడవు. ఏ ముక్కపై నలుపు గాఢముగను, వన్నె కలియకయు వచ్చినదో ఆ సెట్టింగునే గుర్తుంచుకొనుడు. ఆరు రంగుల ఫొటో ప్రింటరులలో నల్లసిరా కూడ డైగా నుండు రకములు కలవు. అవి మెరుపు కాగితముపై నల్లసిరాను వాడగలవు.

ఫొటోలకనియే చేసిన పెద్ద యంత్రములయందు నల్లసిరా రెండు విధములు: మెరుపు కాగితమునకు ఫొటో బ్లాక్, మాట్ కాగితమునకు మాట్ బ్లాక్. వీనికి తోడు పలుచని బూడిద సిరాలును ఉండును. ఎప్సన్ వారు 2005లో నలుపు, లేతనలుపు, మరింత లేతనలుపు అను మూడు అంతరువులుగల సిరాలను తెచ్చిరి. వానివలన చెక్కిలివంటి లేతనీడలయందు మిరియపుపొడి చల్లినట్లు నల్లని చుక్కలు కనబడుట తగ్గినది. 2020లో వచ్చిన వారి పి700, పి900 యంత్రములు రెండు నల్లసిరాలకును వేరువేరు మార్గములను కలిగియున్నవి. ఒకదానినుండి మరియొకదానికి మారునపుడు సిరా వ్యర్థము కాదు. అవే యంత్రములు మెరుపు కాగితముపై నలుపున్నచోట లేతబూడిద సిరాను మరియొక పొరగా వేసి నలుపును గాఢము చేయగలవు. అట్టి యంత్రము ప్రతి యింటను ఉండనక్కరలేదు. పిగ్మెంటు ప్రింట్లు తీయు ప్రయోగశాలలు నగరములయందు కలవు. అచ్చటికి పోయినపుడు "నల్లగా రావలెను" అని చెప్పుటకంటె, "ఏ కాగితము, ఏ నల్లసిరా?" అని అడుగుట మేలు.

కాగితము

శ్రీకాళహస్తి కలంకారీ పనివారు బట్టను కరక్కాయ కలిపిన గేదెపాలలో ముంచి ఆరవేసిన పిమ్మటనే కలము పట్టుదురు. తుప్పుపట్టిన యినుమును బెల్లపునీటిలో దినములతరబడి ఊరవేసి వారు సిరా చేయుదురు. ఆ నీరు కరక్కాయ పట్టిన బట్టను సోకినపుడు నలుపు నిలుచును. పాలలోని జిడ్డు గీతను పాకనీయదు. అదే నీటిని ఉత్తబట్టపై గీచినచో ఆ నలుపు రాదు. సిరాకెంత పనియున్నదో దానిని పట్టుకొను నేలకును అంత పనియున్నది.

ఫొటో కాగితమునకు నట్లే పైన నొక సన్నని పూత యుండును. సాదా కాగితముపై సిరా నారలలోనికి దిగి, ప్రక్కలకు పాకి, పలుచనగును. పూతగల కాగితముపై సిరా పైభాగముననే నిలుచును. మెరుపు కాగితములలో రెండు తెగలు ముఖ్యములు. కాగితమునకు రెండువైపులను సన్నని ప్లాస్టిక్ పొర గలది యొకటి. దుకాణములలో సాధారణముగా దొరకునది ఇదియే. రెండవది బెరైటా కాగితము. ఇందు సిరా పూతకు క్రింద బేరియం సల్ఫేటు పొర యుండును. మన మంగంపేట గనులలో దొరకు ముగ్గురాయిలోని పదార్థమిదియే. పూర్వపు స్టూడియో పటములకును వెండి పూతకు క్రింద ఈ పొరనే వేసెడివారు. అందుచే బెరైటా కాగితముపై తీసిన ప్రతి పాత పటముల తీరునకు మిక్కిలి దగ్గరగా నుండును.

మాట్ కాగితములలో పెక్కింటికి ఒకవైపుననే పూత యుండును. తారుమారుగా పెట్టినచో సిరా చిమ్మి, నలుపు మురికిబూడిదగా వచ్చును. పూతగల వైపేదో కంటికి తెలియనిచో, వ్రేలికొనను కొంచెము తడిచేసి కాగితపు మూలను రెండువైపులను తాకి చూడుడు. వ్రేలికి జిగురుగా అంటువైపే పూతవైపు.

కాగితమును మార్చినపుడెల్ల యంత్రమునకు ఆ మాట చెప్పితీరవలెను. ప్రింటరు సెట్టింగులలోని కాగితముల పట్టిక అలంకారమునకు గాదు. దానినిబట్టియే యంత్రము ఏ నల్లసిరా, ఎంత సిరా యని నిర్ణయించుకొనును. మాట్ కాగితము పెట్టి మెరుపు కాగితమని చెప్పినచో మనకు కావలసిన నలుపు వాడబడదు. మెరుపు కాగితము పెట్టి సాదా కాగితమని చెప్పినచో సిరా పైపైన నిలిచి, చేతికంటును. ప్రతి కాగితమును ఇంత సిరాయని మాత్రమే పట్టగలదు. ఆ హద్దు దాటినచో, ఇడ్లీపిండిలో నీరెక్కువైనట్లు, సిరా మడుగుకట్టి, నలుపు గాఢమగుటకు మారుగా మచ్చలు పడును. సన్నని నీడలన్నియు ఒకటిగా కలిసిపోవును.

పాత పటము

అరచేతియంత పటమునుండి పెద్ద ప్రతి తీయవలసిన యవసరము మనకు మాత్రమే వచ్చినది కాదు. గ్రాహం నాష్ అను ప్రసిద్ధ గాయకుడు ఛాయాచిత్రకారుడు కూడను. ఆయన తీసిన చిత్రముల నెగెటివులును ప్రతులును చాలవరకు ఒక ప్రచురణకర్తకు పంపుచుండగా దారిలో పోయినవి. మిగిలినవి కాంటాక్టు షీట్లు, అనగా నెగెటివంతే పరిమాణముగల చిన్న ప్రతులు. 1990లో వానినే స్కాను చేయించి, అచ్చాఫీసులలో నమూనాలు తీయుటకై చేసిన ఐరిస్ అను ఇంక్‌జెట్ యంత్రముపై పెద్ద ప్రతులు తీయించెను. ఆ యేటనే 1,26,000 డాలర్లకు ఒక ఐరిస్ యంత్రమును కొనెను. ఇంక్‌జెట్ ముద్రణము కళాచిత్రముల పనికి రాజొచ్చిన తొలిదినముల కథ యిది. నాడు అంత వెలపెట్టినగాని సాగని పని నేడు మన బల్లపై జరుగుచున్నది. శ్రద్ధ మాత్రము నాటిదే కావలెను.

స్కాను చేయుటకు ముందు పాత పటమును ఏటవాలుగా వెలుగునకు పట్టి చూడుడు. నల్లనిభాగములపై, ముఖ్యముగా అంచులవెంట, నీలివన్నెతో అద్దమువలె మెరయు పొర కనబడవచ్చును. అది దుమ్ము కాదు. పటములోని వెండి కాలక్రమమున పైకి తేలినది. గుడ్డతో తుడిచినను, తడిచేసినను పటము చెడును. ఆ మెరుపు స్కానరు వెలుగును తిరుగగొట్టి నలుపును తెలుపుగా చూపునేని, ఆ పటమును కిటికీ ప్రక్కనుండి వచ్చు మెత్తని వెలుగులో కెమెరాతో తీసినచో మేలగును. స్కానరుతోనే తీయునపుడు చిన్న పటమునకు అంగుళమునకు 600 చుక్కలకు తగ్గకుండ, 16 బిట్లుగా తీయుడు. యంత్రము తనంతట తాను నలుపు హెచ్చించు సదుపాయమును ఆపివేయుడు. ఆ పని పిదప మన చేతితో చేసికొందము.

ఇక చీర మాట. మొదటి ప్రతిలోని నల్లగుంటను చూచినపుడు అది నల్లచీరయే యనుకొంటిమి. పెద్దమ్మ చెప్పగా తెలిసినది, అది ఎర్రని పట్టుచీర, సన్నని జరీబుటాలుండెడివి, చిరిగిన పిమ్మట దానితోనే పెద్దమ్మకు పరికిణి కుట్టించిరట. ఆ కాలమున స్టూడియోలలో విరివిగా వాడిన ఆర్థోక్రొమాటిక్ ఫిలిము ఎరుపును గ్రహింపలేదు. ఎర్రనివన్నియు దానికి చీకటియే. అందుచేతనే పాత పటములలో కుంకుమబొట్టు నల్లచుక్కవలె కనబడును. కావున పాత పటములో నల్లగా నున్నదంతయు నలుపు కాదని గ్రహింపవలెను. స్కానులో వెదకి చూచితిమి. చీరనీడలలో బుటాలు లేతగా నిలిచియే యున్నవి. దుకాణమువారు నలుపుకొరకు వానిని పూడ్చివేసిరి. మేమును అడిగినది నలుపునే గదా!

అచ్చువేయుట

పటమునంతను ఒకేసారి నల్లబరచరాదు. ఎచ్చట నిజమైన నలుపు ఉండవలెనో ముందు నిర్ణయించుకొనవలెను. మా పటములో అది కనుపాపలయందు, జడపాయల నడుమ, కుర్చీ క్రింది చీకటియందు మాత్రమే. ఆ కొలదిచోటులు పూర్తిగా నల్లనైనచో చాలును. తక్కినది వానిచేతనే లోతుగా తోచును. చారులో ఉప్పు ప్రతి గుటకలో తెలియనక్కరలేదు గదా.

మీ యంత్రము ఎంత చీకటివరకు భేదము చూపగలదో తెలియుటకు పరీక్షాపట్టీ యొకటి చేసికొనుడు. కంప్యూటరు లెక్కలో 0 కారునలుపు, 255 తెలుపు. 0, 5, 10, 15 అను వరుసను 50 వరకు చిన్న గళ్లుగా నింపి, మీరు వాడబోవు కాగితపు ముక్కపైననే అచ్చువేయుడు. ఆరిన పిమ్మట చూడుడు. మా పట్టీలో 0 మొదలు 15 వరకు గల గళ్లన్నియు ఒకే తీరున నుండెను; 20 దగ్గరనే భేదము తెలిసినది. అనగా 20కి క్రిందనున్న బుటాలు తెరపై కనబడినను కాగితముపైకి రావు. కావున చీరలోని నీడలను 20కి పైకెత్తి, కనుపాపలను మాత్రము 0 వద్ద ఉంచితిమి. ఈ యొక్క మార్పు వలన కలిగిన మేలు సిరా హెచ్చించుట వలన కలుగలేదు.

రంగుల ప్రొఫైలును వాడువారు "బ్లాక్ పాయింట్ కాంపెన్సేషన్" అను గుర్తును వేసియుంచుడు. తెరపై చీకటికిని కాగితపు చీకటికిని గల యెడమును అది సర్దును. లేనిచో కాగితము చూపలేని నీడలన్నియు ఒకే నలుపులో కూలిపోవచ్చును. రంగుల సర్దుబాటు పని కంప్యూటరులోని చిత్రపు ప్రోగ్రామైనను చేయవలెను, ప్రింటరైనను చేయవలెను. ఇద్దరును చేసినచో పటము చెడును. ప్రింటరులో నలుపు తెలుపు ఫొటోలకని ప్రత్యేకమైన పద్ధతి యున్నచో దానినే యెన్నుకొనుడు. "గ్రేస్కేల్" అను గుర్తు మాత్రమే యున్నచో, దానితో నొకటి, దానిని తీసివేసి యొకటి చిన్న ముక్కలపై తీసి, చుక్కలను, వన్నెను పోల్చి చూడుడు. పనికి ముందు నాజిల్ చెక్ తప్పక చేయుడు. ఒక రంధ్రము పూడియున్నను నలుపులో సన్నని తెల్లగీతలు పడును.

అచ్చైన ప్రతిని వెంటనే చూచి తీర్పు చెప్పరాదు. ఆరునపుడు నలుపు కొంత మారును. ఒక దినమంతయు ఆరనిచ్చి, పైన సాదా కాగితము కప్పియుంచి, పిమ్మటనే చట్రములో పెట్టుడు. తడి పూర్తిగా పోకమునుపే అద్దము బిగించినచో సిరాలోని ద్రవములు ఆవిరియై అద్దము లోపలివైపున మంచువలె పట్టును. అద్దము పటమును తాకకుండ నడుమ అట్ట ఉండవలెను. మాట్ ప్రతిపై పటములకని చేసిన వార్నిషును పలుచగా చిమ్మినచో నలుపు కొంత గాఢమగును. ఎండిన రాయిపై నీరు చిలుకరించుట వంటిదే అది. ముందుగా చెడిపోయిన ప్రతిపై చిమ్మి చూచుకొని గాని మంచి ప్రతిపై చిమ్మరాదు.

మా పరీక్షలన్నియు ఇంటనే, చిన్న ముక్కలపై చేసికొని, సరిచేసిన పటమును పిగ్మెంటు ప్రింట్లు తీయువారి కిచ్చి నాలుగు ప్రతులు తీయించితిమి. కిటికీకి ఎదురుగోడగల రెండిండ్లకు మాట్ కాగితముపైనను, తక్కిన రెండిండ్లకు బెరైటా కాగితముపైనను తీసిరి. పెద్దమ్మ తన ప్రతిని చేతికి తీసికొని, కళ్లజోడు తుడుచుకొని, చాలసేపు చూచినది. జుట్టు మాట ఎత్తలేదు. చీరపై వ్రేలు ఆనించబోయి, మేము వలదన్నందున వెనుకకు తీసికొని, "ఇవే బుటాలు, నా పరికిణికి వచ్చినవి" అన్నది. పిమ్మట, "బొట్టు మాత్రం నల్లగా ఉందేం?" అని అడిగినది. ఆ నాటి ఫిలిము సంగతి చెప్పితిమి.

క్రొత్త ప్రతి యెంత చక్కగా వచ్చినను పాత పటమును పారవేయకుడు. మరియొకనాడు ఇంతకంటె మంచి యంత్రముతో మీ పిల్లలు దానినుండియే తీయవలసియుండును. ఆమ్లము లేని కాగితపు కవరులో పెట్టి, తేమ తగులని బీరువా అరలో ఉంచుడు. పటమువలన తెలియని సంగతులు మీకు తెలిసినచో, కవరుపై పెన్సిలుతో వ్రాసియుంచుడు. మేమును అట్లే చేసితిమి. అమ్మమ్మగారి పేరు, ఊరు వ్రాసి, వాని క్రింద మరియొక పంక్తి చేర్చితిమి: చీర ఎరుపు, బొట్టు ఎరుపు, జుట్టు నలుపు.